దేవుడి వెనకాల రెండో గేరులో

మా తెర్యో మామయ్య జన్మలో ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఈ మాట పదిమంది ముందు గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలను. ఆ ఆదివారం ఆయనా, అత్తయ్యా, నేనూ ఆయన వ్యానులో ఎనిమిదిన్నరకు బయల్దేరి, తొమ్మిదింపావుకల్లా ఒకే పందుల కొట్టం ముందునుంచి నాలుగుసార్లు వెళ్ళాం. నాలుగోసారి పందులు మమ్మల్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాయి.

పని చిన్నదే. కొండ పక్కన సాన్ రోకే చర్చిలో పది గంటలకు నెనిత పిన్ని కొడుక్కి జ్ఞానస్నానం. మామయ్య జ్ఞానతండ్రి, అంటే పిల్లాణ్ణి ఎత్తుకుని ఫాదరు ముందు నిలబడాల్సినవాడు. పిన్ని మొదటి ఇద్దరు పిల్లలకూ ఆయనే జ్ఞానతండ్రి కావలసింది. మొదటిదానికి ఐస్‌క్రీము పంచేటప్పుడు చేరాడు. రెండోదానికి మర్నాడు చేరాడు. "ఈసారి పది దాటితే మా మరిది దాంతేని నిలబెడతాను అన్నయ్యా, తర్వాత నన్ననొద్దు" అని పిన్ని ముందే తేల్చి చెప్పేసింది.

అందుకే మామయ్య తెల్లవారకముందే లేచి, ముఖ్యమైన రోజులకని దాచుకున్న తెల్ల బారోంగు చొక్కా తొడుక్కుని, చెమట పట్టకుండా ముఖానికి డబ్బాడు పౌడరు దట్టించాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ముందువారమే మూడు రోజుల ప్రార్థన శిబిరానికి వెళ్ళొచ్చాడు. అత్తయ్య ఫోనూ నా ఫోనూ లాక్కుని, వాటిమీద కూర్చున్నాడు.

"ఫోన్లో ఎవత్తో ఎడమకి తిరగమంటే తిరుగుతాం. దేవుడు తిరగమంటే తిరగలేమా?"

"తిరగమన్నాడా మరి?" అంది పురింగ్ అత్తయ్య.

"ఇంకా చెప్పలేదు."

"ఆ పందులు చెప్పేలా ఉన్నాయి. వాటినే అడుగు."

మామయ్య కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. వ్యాను నడుస్తూనే ఉంది. అత్తయ్య పెట్టిన కేకకు కొబ్బరితోటలో కాయలు రాలాయి. మామయ్య కళ్ళు తెరిచేసరికి మా ముందు ఒక జీప్నీ, జనాన్ని ఎక్కించుకునే పొడుగాటి జీపు, పోతోంది. దాని వెనక ముళ్ళ కిరీటంతో ఏసుప్రభువు బొమ్మ. కింద మూరెడేసి అక్షరాలతో 'నన్ను వెంబడించు'.

"పురింగ్! చూశావా?"

"చూశాను. అలాంటి జీప్నీలు ఈ జిల్లాలో నాలుగొందలున్నాయి."

మామయ్య వినలేదు. వెంబడించాడు.

జీప్నీ ఒక రొట్టెల దుకాణం ముందు ఆగింది. వెనకే మేమూ ఆగాం. జనమంతా దిగి, ఏమీ కొనకుండా, కాళ్ళు దులుపుకుని, మావంక ఓ చూపు చూసి గబగబా ఎక్కేశారు. "జీవాహారం!" అన్నాడు మామయ్య. తర్వాత పెట్రోలు బంకు ముందు ఆగారు. అక్కడా అదే వరస. "బైబిల్లో బుద్ధిగల కన్యకలు దీపాల్లో నూనె పోయించుకున్నారు కదా!" అన్నాడు మామయ్య.

"కన్యకలు టైర్లలో గాలి కూడా కొట్టించుకున్నారా? తొమ్మిదీ నలభై అయింది తెర్యో. ఆ దాంతే ఈపాటికి తల దువ్వుకుంటూ ఉంటాడు."

మూడోసారి కొబ్బరిబొండాల కొట్టు దగ్గర ఆగారు. "జీవజలం" అన్నాడు మామయ్య. ఆయన గొంతులోనూ కొంచెం అనుమానం వినపడింది. నేను దిగి ఒక బొండం తాగొచ్చాను.

అక్కణ్ణుంచి మాత్రం ఆ జీప్నీ చక్రాలు నేలను తాకడం మానేశాయి. మా వ్యానుకి మూడో గేరు పని చెయ్యక మూడేళ్ళయింది, మామయ్య దాన్ని రెండులోనే అరిపించాడు. జీప్నీలోంచి ముసలమ్మలు మావైపు తిరిగి వరసగా సిలువ గుర్తు వేశారు. మామయ్య స్టీరింగు వదిలేసి తనూ వేశాడు.

"ఎంత భక్తో చూడు! మనల్ని దీవిస్తున్నారే!"

పదికి రెండు నిమిషాలుందనగా జీప్నీ ఒక చర్చి ముందు ఆగింది. ఆగకముందే పద్నాలుగుమంది దూకి లోపలికి పరిగెత్తారు. గుమ్మంలో పిల్లాణ్ణెత్తుకుని నెనిత పిన్ని. పక్కన దువ్వెనతో దాంతే. అది సాన్ రోకే!

మామయ్య వలవల ఏడుస్తూ దిగాడు. అంతలో లోపల్నుంచి ఫాదరు పరుగున వచ్చి, బకెట్టెడు పవిత్రజలం ఆయన నెత్తిన గుమ్మరించాడు. మామయ్య చేతులు చాచి స్వీకరించాడు. ఫాదరు ఆయన బుగ్గ మీద వేలితో రాసి చూసి, "పౌడరే. ప్రాణం కూడా ఉంది" అని లోపలికి కేకేశాడు.

స్తంభం చాటునుంచి ఒక ముసలమ్మ వచ్చింది. "మాకేం తెలుసు నాయనా? పొద్దున్నే చావింటికి వెళ్ళాం. అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి పోతే పోయినవాడు వెంటొస్తాడు కదా, దులుపుకుందామని మూడుచోట్ల ఆగాం. ఆగినచోటల్లా నువ్వే! పోయిన మా కోర్నెల్యోకి శవపెట్టెలో అచ్చం ఇదే బారోంగు, ఇదే తెల్లమొహం!"

"చూశారా!" అన్నాడు మామయ్య నీళ్ళు కారుతూ. "నన్ను వేళకి చేర్చడానికి దేవుడు మీలో భయం పుట్టించాడు!" పిన్ని కళ్ళు తుడుచుకుని పిల్లాణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది. దాంతే దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

కథ ఇక్కడ ఆపేద్దామనే అనుకున్నాను. అత్తయ్య ఆపనివ్వలేదు.

"తెల్ల చొక్కా చూసి అంతలా పరిగెత్తారా పిన్నిగారూ?"

"ఎందుకు పరిగెత్తుతామమ్మా? బొండాల కొట్టు దగ్గర ఈ పిల్లని అడిగాం, ఆ స్టీరింగు ముందున్నదెవరే అని."

అందరూ నావైపు తిరిగారు. చంటాడు కూడా.

సరే, ఒప్పుకుంటున్నాను. "ఎవరూ లేరే! ఆ సీటు ఖాళీగానే ఉందిగా. బండి దానంతటదే మీ వెనక వస్తోంది" అన్నాను. ఒట్టు, అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

దేవుడు ఎప్పుడు ఎవరి నోట పలికిస్తాడో తెలీదంటారు. ఆ పూట బొండం తాగేసి నా నోరు ఖాళీగా ఉంది.