మామగారి కొండలో కొత్త మడత

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొండలో ఇంకా మిగిలిన తూర్పు వాలు కొలవడం, సాయంత్రానికి పటం ఆఫీసుకు పంపేయడం. గుమ్మం దాటుతుంటే మామగారు ఆపి, ఆమె ట్యాబ్‌కు కొత్త తోలు కవరు తొడిగారు.

"రాళ్ల మీద పెడతావు కదమ్మా, గీతలు పడతాయి."

ఆయనా భూగర్భ శాస్త్రవేత్తే. వయసులో ఉన్నప్పుడు ఆ కొండంతా కాలినడకన తిరిగి చేత్తో గీసిన పటం హాల్లో ఫ్రేము కట్టి ఉంది. అందులో రాతి పొరలన్నీ తిన్నగా ఉత్తరానికి సాగుతాయి.

ట్యాబ్‌ను రాయికి ఆనిస్తే చాలు, లోపలున్న కంపాస్‌తో పొర ఏ దిక్కుకు సాగుతోందో అదే గీసేస్తుంది. మధ్యాహ్నానికి తెర మీది పొరలు ఉత్తరం వదిలి తూర్పుకు తిరిగాయి. నేల లోపలి ఒత్తిడికి కొండ మడత పడిందన్నమాట! మామగారు దాన్ని చూడలేదన్నమాట!

ఆగలేక ఆఫీసరుకు ఫోన్ చేసింది. ఆయన ఎగిరి గంతేసి పై అధికారికి చెప్పేశాడు. అప్పుడు మామగారు గుర్తొచ్చి, భయమేసి భర్తకు చేసింది.

"నాన్నకు మాత్రం చెప్పకు," అన్నాడతను.

తర్వాత జరిగింది ఆమెకు ఆలస్యంగా తెలిసింది. అతను చల్లగా అమ్మ చెవిన వేశాడు. మామగారి కంటపడితే బాధపడతారని ఆవిడ పటం తీసి మంచం కింద దాచింది. ఖాళీ గోడ చూసి ఆయన అడిగారు. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు.

కాసేపటికి కొండ కింద టాక్సీ ఆగింది. మోకాలికి పట్టీ, చేతిలో పాత కంపాస్‌తో మామగారు దిగారు.

"చూపించమ్మా, ఎక్కడ తప్పానో."

"మీరెందుకొచ్చారు మామయ్యా? నాది పంపనులెండి. మీ పటమే ఉండనివ్వండి."

"రాయి ఎటు వంగితే అటు గియ్యాలి గానీ, మామ మొహం చూసి గీస్తావా?"

ఆయనే వంగి పొర వెంట కంపాస్ ఆనించారు. ఉత్తరం. అచ్చం పాత పటంలో లాగే.

"ఏదీ, నీదీ పెట్టు."

ఆమె పక్కనే ట్యాబ్ పెట్టింది. కంపాస్ ముల్లు గిర్రున తిరిగి, ఉత్తరాన్ని వదిలేసి కవరు వైపు చూసింది. వాళ్లిద్దరూ కూడా కవరు వైపే చూశారు. మూత టక్కున అతుక్కునే చోట, తోలు లోపల, అయస్కాంతం.

"మంచి గట్టిది చూసి మరీ తెచ్చానమ్మా," అన్నారాయన నీరసంగా.

కవరు తీసేసరికి పొరలు బుద్ధిగా ఉత్తరానికి నడిచాయి. మరి ఆఫీసరుకు ఏమని చెప్పాలి? ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి మామగారు ఫోన్ లాక్కున్నారు.

"తప్పు నాదండీ. మా కోడలిది కాదు."

"అంటే, మీ పాత పటంలోనా సార్?"

"మాట జారకండి! నేనిచ్చిన కవర్లో."

సాయంత్రానికి పటం మళ్లీ గోడెక్కింది. మంచం కింద దాని చోటు కవరుకు దక్కింది.