నిమ్మరసం ఇచ్చే హక్కు

మీ ఊళ్లో నిరాహారదీక్ష చేసే పెద్దమనిషి ఉన్నాడా? లేకపోతే మీది ఊరే కాదు! ఆయన పస్తుంటేనే గదా నాయకులకు మన ఊరి దారి తెలిసేది!

విడవలూరు పక్క పల్లెలో ఆ వరం పద్మనాభయ్య. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినవాడు, ఖద్దరు తప్ప కట్టనివాడు. పంతొమ్మిదివందల అరవై రెండు ఎన్నికలకు ముందటి కార్తీకంలో వానలు దంచికొట్టాయి. వాగు సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి, నీళ్లు వెనక్కి తన్ని పొలాలు మునిగాయి. మేట తవ్వించాలని పద్మనాభయ్య కట్ట మీద పందిరి వేసుకుని పస్తు కూర్చున్నాడు. రెండో రోజే ఇంజనీరుగారు వచ్చి సరేనన్నారు, కూలీలనూ పంపించారు.

ఇక దీక్ష ముగిసినట్టే అంటారా? ఎంత అమాయకులండీ మీరు!

"అన్నా, మా నాయకులుగారు రేపు వస్తా ఉండారు. ఆయన చేత్తో నిమ్మరసం తాగి లేద్దువు. మొదటి పార కూడా ఆయనే వేస్తారు. అందాకా తవ్వొద్దని ఇంజనీరుకు చెప్పేసినాం" అన్నాడు పార్టీ కార్యదర్శి రమణయ్య.

"రేపటికి పైరు కుళ్లిపోదా అబ్బాయ్?"

"ఫొటోగ్రాఫరు రేపే దొరికినాడన్నా!"

న్యాయమే! పైరు మళ్లీ వేసుకోవచ్చు, ఫొటోగ్రాఫరు మళ్లీ దొరుకుతాడా? ఇంతలో ఎదుటి పార్టీవాళ్లు కూడా గ్లాసుతో దిగారు. నిమ్మరసం ఇచ్చే హక్కు మాదంటే మాదని ఇరుపక్షాలూ పందిరి గుంజలు పట్టుకుని పోట్లాట! పద్మనాభయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఆయన భార్య వెంకటశేషమ్మ గంజి చెంబుతో వచ్చింది. "మడిలో పైరు కొసలు కూడా కనపడలేదు. ఎవురి చేత్తో తాగితే ఏమి? ముందు తాగి లేయండి" అంది.

ఆయన గటగటా తాగేసి పార భుజాన వేసుకున్నాడు. ఊరంతా వెంట నడిచింది. పొద్దుగూకే వేళకు మేట తెగి నీళ్లు సముద్రంలోకి దూకాయి.

మర్నాడు నాయకులుగారు వచ్చేసరికి పందిరి ఖాళీ. ఫొటోగ్రాఫరేమో సిద్ధం. ఏం చేస్తారు పాపం? తామే చాప మీద కూర్చుని, నీరసంగా తల వాల్చి, రమణయ్య చేత్తో నిమ్మరసం పుచ్చుకున్నారు.

ఆ వారం పత్రికలో వచ్చింది: "నాయకుని కఠోర దీక్ష! దిగివచ్చిన అధికారులు! రైతుల హర్షం!"

పద్మనాభయ్య అది చదివి పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "పోనీలే, పైరు దక్కింది" అన్నాడు.

"దక్కింది, సంతోషం. వచ్చే తూరి పస్తు కూడా ఆయన్నే ఉండమనండి" అంది వెంకటశేషమ్మ.