తెగిన చెప్పులకు ప్రవేశం లేదు

దుకాణంలోకి అడుగుపెట్టే ప్రతి పౌరుడికీ చట్టం లెక్కలేనన్ని హక్కులు ప్రసాదించింది. కాకపోతే ముందు అడుగంటూ పెట్టాలి.

ఈ సూక్ష్మం మన ప్లంబరుకు బూట్ల షోరూం గుమ్మం దగ్గర బోధపడింది. మర్నాడు కూతురు కాలేజీలో పట్టా పుచ్చుకుంటోంది. "నాన్నా, రేపొక్కరోజు బూట్లేసుకుని రావా" అని బతిమాలింది. అడగక అడగక ఆ పిల్ల అడిగిన కోరిక. అందుకే పని మధ్యలో వదిలేసి, పిన్నీసు పెట్టిన చెప్పు ఈడ్చుకుంటూ వచ్చాడు.

అద్దాల తలుపు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెగిన చెప్పులతో రానివ్వరు బాబాయ్. రూలు."

"తెగబట్టే కదయ్యా కొత్తవి కొనడానికొచ్చింది!"

"మంచివేసుకొస్తే రానిస్తాం."

"మంచివుంటే నాకు మీ కొట్టుతో పనేంటి?"

వాచ్‌మన్ గోడవైపు చెయ్యి చూపించాడు (జవాబులు చెప్పడం ఆయన డ్యూటీలో లేదు, అడ్డం నిలబడటం వరకే).

ప్లంబరు గోడమీది బోర్డు కూడబలుక్కుని చదివాడు. ప్రవేశం నిరాకరించే హక్కు యాజమాన్యానిది. కారణం అడిగే హక్కు వినియోగదారుడిది. సదరు కారణాన్ని మూడో అంతస్తులో ప్రవేశ మర్యాదల అధికారి స్వయంగా, చిరునవ్వుతో వివరిస్తారు.

"అయితే ఆయన్నే అడుగుతా. జరుగు."

"ఆయన దగ్గరికెళ్లాలన్నా ఇదే గుమ్మం బాబాయ్."

"పోనీ ఆయన్నే కిందికి రమ్మను."

"రారు. బయటున్నోళ్లు ఇంకా కస్టమర్లు కాదంట. లోపలికొచ్చాకే అవుతారంట."

(ఇందులో పక్షపాతమేమీ లేదు. తెగిన చెప్పు ఎవరిదైనా యాజమాన్యానికి ఒకటే. కోటీశ్వరుల చెప్పులు తెగకపోవడం వారి సొంత విషయం.)

ప్లంబరు వంగి చెప్పు పిన్నీసు సర్దుకున్నాడు. "మా ఇంట్లో పట్టా మొహం చూడ్డం ఇదే మొదలయ్యా. రేపు మా పిల్ల ముందు తలొంచుకుని నిలబడలేను."

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి తన బూట్లు విప్పాడు. అవీ షోరూంవారివే, డ్యూటీ దిగేటప్పుడు అప్పగించి పోవాలి. "తొందరగా కానిచ్చెయ్. ఎవరైనా చూశారంటే నా ఉద్యోగం గోవిందా," అంటూ పిన్నీసు చెప్పులు తాను తొడుక్కున్నాడు.

లోపల ప్లంబరుకు కుర్చీ వేశారు, చల్లటి మంచినీళ్లిచ్చారు, "సార్" అన్నారు. కొత్త బూట్లలో, వాచ్‌మన్ బూట్లు సంచిలో పెట్టుకుని బయటికొచ్చేసరికి ప్రవేశ మర్యాదల అధికారి ఎన్నడూ లేనిది గుమ్మంలోనే ఉన్నారు. వాచ్‌మన్ మెట్ల కింద, రోడ్డుమీద ఉన్నాడు.

"నేనిక్కడే పనిచేస్తున్నాను సార్!"

"చెప్పులు చూసుకున్నారా?" అన్నారు అధికారి, చిరునవ్వుతో.

ప్లంబరు గబగబా ముందుకొచ్చాడు. బూట్లు వేసుకున్న సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. "తప్పు నాదండీ. ఇవిగో ఈయన బూట్లు!" అంటూ సంచి తెరిచాడు.

అధికారి వాటిని ఎంతో మర్యాదగా అందుకున్నారు (సంస్థ ఆస్తి కదా). లోపలికెళ్లి తలుపు మూయబోతూ వాచ్‌మన్ కేసి తిరిగారు.

"దీనిమీద మీకేమైనా అభ్యంతరం ఉంటే మొహమాటపడకండి. మూడో అంతస్తుకు రండి, నేనక్కడే ఉంటాను."