తొమ్మిది బూడిద ముఖాలు

మిగిలిన తొమ్మిది ముఖాలకూ మధ్యాహ్నంలోగా రంగులు వేసెయ్యాలి, సాయంత్రం కన్ఫర్మేషన్ లెటర్ అందుకోవాలి. శుక్రవారం పొద్దున మాదాపూర్‌లో మెట్రో దిగుతూ ఆదర్శ్ వేసుకున్న పథకం ఇది. సెల్‌ఫోన్ ఆటలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో అతను చేరి సరిగ్గా ఆర్నెల్లు. తను కాక అక్కడున్న ఇరవైరెండు మందికీ చిన్న చిన్న గళ్లతో పిక్సెల్ బొమ్మలు వెయ్యమని హెచ్చార్ ఉమాశ్రీ మేడమ్ పురమాయించింది. ఆదర్శ్ పద్ధతి గల మనిషి. ముక్కు పక్క నీడ, గడ్డం కింద నీడ, జుట్టు మీద ఒక మెరుపు గీత, అన్నీ ముందు బూడిద ఛాయల్లోనే దిద్దుకుంటాడు. అవి కుదిరితే గానీ రంగుల జోలికి వెళ్లడు.

మేడమ్‌కు అంత ఓపిక లేదు. అతను ఆఫీసుకు చేరేసరికే ఉన్న బొమ్మల్ని ఉన్నట్టే రిసెప్షన్ తెర మీద పెట్టించేసింది. పదమూడు ముఖాలు నిగనిగలాడుతున్నాయి, తొమ్మిది బూడిదరంగులో ఉన్నాయి. వాటి ముందు ఆ తొమ్మిది మందీ కదలకుండా నిలబడి ఉన్నారు. పక్క బిల్డింగులో మొన్ననే నలభై మందిని ఉద్యోగాల్లోంచి తీసి ఇళ్లకు పంపేశారు మరి.

"ఏమబ్బా, తీసేసేవాళ్ల లిస్టు నీకు ముందే ఇచ్చినారా?" అన్నాడు కడప నుంచి వచ్చిన శివశంకర్. "వచ్చే నెల నల్లగండ్లలో గృహప్రవేశం పెట్టుకున్యా."

"లిస్టేమీ లేదండీ. రంగులు వెయ్యడం అవ్వలేదు, అంతే."

"చెప్పొద్దన్నారా?"

ఆదర్శ్‌కు సాయంత్రం రావలసిన లెటర్ గుర్తొచ్చింది. ఈ పుకారు తన వల్లే పుట్టిందని పైవాళ్లకు తెలిస్తే లెటరూ లేదు, ఉద్యోగమూ లేదు. పరుగున సీట్లోకి వెళ్లి ముందు శివశంకర్ ముఖానికి రంగు వేసి తెర మీదికి ఎక్కించాడు. అదే పొరపాటైంది. పది నిమిషాల్లో బోరబండ శ్రీలత అతని కుర్చీ పక్కన నిలబడింది.

"ఆయనకెట్ల రంగొచ్చింది తమ్మీ? ఎవరితోని చెప్పించిండు? జర నాది గూడ చూడు. మా ఇంట్ల ఇంకా చెప్పలే."

ఆమె పక్కనే నిలబడి తొందరపెడుతుంటే చెంప నీడకు గోధుమరంగు బదులు ఆకుపచ్చ పడి, అలాగే తెర మీదికి ఎక్కింది. ఆకుపచ్చంటే మూడు నెలల నోటీసని ఎవరో మహానుభావుడు తేల్చేశాడు. ఇక ఆదర్శ్ ఏ ముఖాన్నీ ముట్టుకోవడానికి సాహసించలేదు. మధ్యాహ్నానికి శివశంకర్ తప్ప మిగతా ఎనిమిది మందీ తలా ఒక మూల చేరి ఫోన్లలో గుసగుసగా ఇంటర్వ్యూలు ఇస్తున్నారు. సాయంత్రం లెటర్ రాలేదు.

మరుసటి శుక్రవారానికి శ్రీలతతో సహా ఐదుగురు వేరేచోట ఉద్యోగాలు చూసుకుని రాజీనామా ఇచ్చేశారు. ఆ మధ్యాహ్నమే ఉమాశ్రీ మేడమ్ నుంచి పిలుపు వచ్చింది. ఆదర్శ్ మెడలోని ఐడీ కార్డు తీసి, ఇచ్చెయ్యడానికి సిద్ధంగా చేత్తో పట్టుకుని వెళ్లాడు.

"కూర్చో ఆదర్శ్. ఐదుగురిని తగ్గించమని పైనుంచి మెయిలొచ్చి నెలైంది. ఎదురుగా కూచోబెట్టుకుని ఎలా చెప్పాలో తెలీక నిద్ర పట్టేది కాదు నాకు. దేవుడి దయ, వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు." ఆమె కన్ఫర్మేషన్ లెటర్‌ను అతని వైపు జరిపింది. "బెంగళూరు ఆఫీసు బొమ్మలు కూడా నువ్వే వెయ్యాలి. రంగులకు మాత్రం తొందరేం లేదు."

ఆదర్శ్ సీట్లోకి వచ్చి అన్నిటికంటే ముందు తన బొమ్మ మొదలుపెట్టి, నీడలు కూడా దిద్దకుండా రంగులు వేసేశాడు.