క్షిపణికి దొరకని కాలనీ

చందానగర్ శివార్లలోని ఒక కాలనీకి క్షిపణుల వల్ల ఎలాంటి ముప్పూ లేదని 1998 డిసెంబరులో అక్కడి సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఘనత యశ్వంత్‌ది.

నంద్యాల నుంచి వచ్చిన యశ్వంత్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఏదో అమెరికా బీమా కంపెనీ ప్రోగ్రాముల్లో 99 అని ఉన్నచోటల్లా 1999 అని దిద్దడం అతని ఉద్యోగం. కంప్యూటరు తెలిసినవాడికి క్షిపణి తెలియదా అని కాలనీ నమ్మింది. కాదనడానికి అతనికి మనసొప్పలేదు.

టీవీలో అమెరికా క్షిపణుల యుద్ధం చూసిన మర్నాడు సంఘం సభలో గొంతు సవరించుకున్నాడు. "ఓడలోంచి వదిలినా, సముద్రంలోపల జలాంతర్గామిలోంచి వదిలినా, అది నేలకు దగ్గరగా వెయ్యి మైళ్లు ఎగురుతుంది. తన దగ్గరున్న పటంతో కింది గుట్టలను పోల్చుకుంటూ దారి పడుతుంది. మన దగ్గర పొద్దున ఉన్న గుట్ట సాయంత్రానికి కంకరైపోతోంది. ఇక అదేం పోల్చుకుంటుంది?"

సభ్యులు మురిసిపోయారు. వీధులకు పేర్ల బోర్డులు పెట్టాలన్న ప్రతిపాదనను అధ్యక్షులు విశ్వేశ్వరరావుగారు దేశభద్రత దృష్ట్యా అక్కడికక్కడే రద్దు చేశారు.

నెల తిరక్కముందే యశ్వంత్ భార్య శ్రావణికి ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. యశ్వంత్ ఆసుపత్రికి ఫోన్ చేసి, కాలనీలో అందరూ చెప్పినట్టే దారి చెప్పాడు. "ఏనుగు గుండు దగ్గర ఎడమకు తిరగండి." ఆ పెద్ద బండరాయిని కంకర కోసం ముందురోజే పేల్చేశారు. కాసేపటికి అంబులెన్సు డ్రైవర్ మల్లయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"సార్, గుండు ఏడుంది? గీడ అంత కంకరే ఉన్నది. జర ఇంకేమన్న గుర్తు చెప్పుండ్రి."

చెబుదామంటే గుర్తుగా పనికొచ్చేదేదీ అక్కడ మిగల్లేదు.

"మీ గుట్టలూ మీరూ! ముందు ఆటో పిలవండి!" అని శ్రావణి అరిచింది.

మియాపూర్ దాటకముందే ఆటోలో కూతురు పుట్టింది. తోడొచ్చిన పక్కింటి పోచమ్మ బిడ్డను తన చీరకొంగులో పట్టుకుంది. తల్లీబిడ్డలిద్దరూ బతికి బయటపడ్డారు.

ఆదివారం సంఘం మళ్లీ కూడింది. బోర్డులు పెట్టి తీరాలని గట్టిగా అడగడానికే యశ్వంత్ వచ్చాడు. అతను నోరు తెరిచేలోగా అధ్యక్షులు లేచారు. "మన ఊరి అంబులెన్సే మనల్ని కనుక్కోలేకపోయిందండీ! పరాయిదేశపు క్షిపణి వల్ల అవుతుందా? యశ్వంత్‌గారి సిద్ధాంతం ప్రయోగపూర్వకంగా రుజువైంది!" అంటూ శాలువా కప్పారు.

చప్పట్లు ఆగేదాకా యశ్వంత్ ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత శాలువా భుజం మీద సర్దుకుని, "అంతా మీ ఆశీర్వాదం" అన్నాడు.