శ్రీమదీతకొలను కవాటబంధన విజయం

ప్రచండమార్తాండుడు నగరాన్ని పెనం మీది అట్టులా అటూ ఇటూ తిరగేసి కాలుస్తున్న వైశాఖమాసాన, వడగాలిని ‘లూ’ అని పిలిచి తిట్టుకుంటూ జనులు కిటికీలు బిగించుకున్న ఒక శనివారం పగలు పదిన్నర వేళ, యమునానదికి తూర్పున, ఇందిరాపురంలో, పద్నాలుగంతస్తుల సౌధచతుష్టయం కాపలా కాసే నీలకంఠ అపార్ట్‌మెంట్స్ ప్రాంగణంలో, నిర్మలనీలజలపూర్ణమైన ఈతకొలను ఒడ్డున, కేంద్రప్రభుత్వ సెక్షనాఫీసరూ, ఫైలుభయంకరుడూ, నోటింగువిశారదుడూ, పశ్చిమగోదావరీతీరసంజాతుడూ, మోకాలినొప్పిపీడితుడూ అగు వీరరాఘవులు, వామహస్తాన కొబ్బరికాయా దక్షిణహస్తాన కొలతటేపూ ధరించి, ఒక ఇనుపగేటుతో యుద్ధానికి సన్నద్ధుడై నిలిచి ఉన్నాడు.

ఆ గేటు తనంతట తాను మూసుకోవాలి. మూసుకోవడం లేదు. కథంతా ఇదే.

సేనాధిపత్యం అతనికి ఎలా వచ్చిందంటే, సొసైటీ సభలో ‘కొలను చుట్టూ కంచె పని ఎవరు చూస్తారు’ అని అధ్యక్షులవారు అడిగి, సభాసదులందరూ తలో ఫోనులోకి తలదూర్చిన శుభముహూర్తాన, ఉక్కపోత భరించలేక ఫ్యాను పెంచమనడానికి వీరరాఘవులు చెయ్యి ఎత్తాడు. మినిట్సులో పేరు ఎక్కిపోయింది. ముప్ఫై ఏళ్ళు సర్కారు కొలువు చేసినవాడికి మినిట్సులో ఎక్కిన పేరు లలాటలిఖితంతో సమానం. ఫ్యాను మాత్రం ఎవరూ పెంచలేదు.

అయినా అప్పటికి అది కేవలం పని. ప్రతిజ్ఞ అయింది మొన్న మంగళవారం. వీరరాఘవులు కూతురు భావన గురుగ్రామ్‌లో ఉద్యోగానికి పోతూ మూడున్నరేళ్ళ సహస్రను పగలంతా అమ్మానాన్నల దగ్గర వదిలి వెళుతుంది. కొత్తగా కట్టిన కంచెకున్న ఆ ఒక్క గేటుకూ ఎవరో ఇటుక అడ్డంపెట్టి బార్లా తెరిచి ఉంచారు. ఆఫీసు నుంచి కూరగాయల సంచీతో వస్తున్న తాతగారి కంటికి, అమ్మమ్మ కన్నుగప్పి దిగొచ్చి కొలను అంచున గొంతుక్కూర్చుని, బొమ్మ జుట్టు నీళ్ళలో ముంచి తలంటిపోస్తున్న మనవరాలు కనబడింది. చుట్టుపక్కల నరమానవుడు లేడు. ఆ మోకాళ్ళతో తాను ఎలా పరుగెత్తాడో అతనికి ఇప్పటికీ తెలియదు. పిల్లను చంకనేసుకుని, ఆ ఇటుకను కంచె అవతలికి విసిరేశాడు.

ఆ విసురులోంచే భీషణప్రతిజ్ఞ వెలువడింది. ‘ఈ కవాటము తనకు తానుగా మూసికొని, తనకు తానుగా గడియ వైచికొను పర్యంతము, ఎర్రని కారమున ఓలలాడు నూతనామ్రఖండములను నా జిహ్వ స్పృశింపదు గాక’ అని దిక్కులు దద్దరిల్లేలా అతను మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం భార్య అన్నపూర్ణేశ్వరితో, ఆ గేటు సంగతి తేలేదాకా కంచంలో కొత్తావకాయ వెయ్యద్దన్నాడు. ఎన్ని పూటలో చూద్దామంది ఆవిడ.

శత్రుపక్షం సామాన్యమైనది కాదు. దానికి నాయకురాలు గ్రౌండు ఫ్లోరు సభర్వాల్ ఆంటీ. కొలను పక్కనుంచి పార్కుకు అడ్డదారిలో నడిచే హక్కు ఆవిడకు పదేళ్ళనాటిది. కంచె వచ్చి ఆ దారికి గేటు పడింది, గేటుకు ఇటుక పడింది. శనివారం జరగాల్సిన భద్రతా తనిఖీలో కంచె తప్పితే, ఆదివారం సభలో దాన్ని పీకించేసి, ఈల ఇచ్చి ఒక గార్డును కూర్చోబెడితే చాలని తీర్మానం చేయించడానికి ఆవిడ అప్పటికే పదిహేడు సంతకాలు పోగేసింది. ఆ గార్డు మధ్యాహ్నం భోజనానికి పోతే ఈల ఎవరు ఊదుతారన్నది వీరరాఘవుల ప్రశ్న.

తొలిపోరు పూలకుండీల దగ్గర జరిగింది. కంచె పక్కన ఎక్కడానికి వీలైనదేదీ ఉండకూడదని నిబంధన. ఆంటీగారి తొమ్మిది మట్టికుండీలు కంచెను ఆనుకుని మెట్లవరసలా వెలిసి ఉన్నాయి. వీరరాఘవులు ఆవిడ గుమ్మం ముందు నిలబడి, ‘ఓ కుసుమభాండాధీశ్వరీ, నీ మల్లెలు మాకు శత్రువులు కావు, నీ మనీప్లాంటుపై మాకు పగ లేదు, కాని ఏ కుండీపై నీవు ప్రేమతో నీరు చిలుకుదువో, ఆ కుండీపైనే ఒక పసిపాదము మోపబడి, మరుక్షణమున ఆ నీలజలములు...’ అని ఒక మహోపన్యాసం లోపల కట్టుకున్నాడు. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరు.

“దీదీ, ఏ గమ్లే థోడా హటా లూఁ?”

“ఆప్‌నే తో పూల్ కో జైల్ బనా దియా, రావ్ సాబ్,” అందావిడ. అతని పేరులో ఎక్కడా రావు లేదు. ఢిల్లీలో తెలుగువాళ్ళందరూ రావ్ సాబులే. కొలను జైలే అయిందనుకోమని చెప్పి, తొమ్మిది కుండీలనూ ఒక్కొక్కటే కౌగిలించుకుని అతనే అవతలికి మోశాడు. తొమ్మిదో దాని దగ్గర నడుము కలుక్కుమంది గాని వీరుడు మూలగలేదు. మూలిగితే ఆంటీ వింటుంది.

పదకొండింటికి స్కూటరు మీద తనిఖీదారు వచ్చాడు. పేరు ఉమాశంకర్. లక్ష్మీ నగర్ పీజీ గదిలో ఆరేళ్ళు సివిల్స్ తపస్సు చేసి, ఇంద్రపదవి అందక, ఒక ప్రైవేటు సేఫ్టీ కంపెనీలో కుదురుకున్న తపోధనుడు. వీరరాఘవులు ఫోనులో భార్యను ‘ఏమేవ్’ అనడం విని అతని ముఖం విచ్చుకుంది. తమది జగిత్యాల అన్నాడు. కాని ఫారం బయటికి తీశాక ఆ ముఖంలో బంధుత్వం మాయమైంది.

మొదట ఎత్తు. నాలుగడుగులుండాలి, నాలుగడుగుల రెండంగుళాలుంది. తరవాత కడ్డీల సందు. నాలుగంగుళాల బంతి దూరకూడదు, దూరితే పిల్ల తల దూరినట్టే. ఆ కొలతబంతిని ఆఫీసులో మరిచి వచ్చానని ఉమాశంకర్ నీళ్ళు నమిలాడు. వీరరాఘవులు చిరునవ్వు నవ్వి కొబ్బరికాయ ముందుకు చాచాడు. నిన్న సాయంత్రం బజారులో టేపు పెట్టి, ముప్ఫై ఎనిమిది కాయలు కొలిచి, సరిగ్గా నాలుగంగుళాలది ఏరుకొచ్చాడు. ‘కౌన్ సీ పూజా హై బాబూజీ’ అని బండివాడు అడిగితే గేటుపూజ అన్నాడు. ఇప్పుడా నారికేళం కంచె పొడుగునా ప్రతి సందులోనూ తలదూర్చబోయి, ప్రతి సందులోనూ భంగపడి, చివరి కడ్డీ దగ్గర అలసి ఆగింది.

ఇక గేటు. మూడు పరీక్షలు. పూర్తిగా తెరిచి వదిలారు, గిర్రున వచ్చి టక్కున పడింది. సగం తెరిచి వదిలారు, పడింది. జానెడు మాత్రం తెరిచి వదిలారు. నీరసంగా ఏడంగుళాలు నడిచి, గడియకు రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. మళ్ళీ వదిలారు, మళ్ళీ అక్కడే. నిన్నటి ఆంధీ అనే గాలిదుమారం తెచ్చిపోసిన దుమ్మంతా మడతబందుల్లో కూరుకుపోయి ఉంది. నీడలో కుర్చీ వేసుకున్న సభర్వాల్ ఆంటీ ‘అచ్ఛా’ అంది.

“సార్, గీ మూడోదే అసలుది,” అన్నాడు ఉమాశంకర్. “పోరలు గేటు మొత్తం తెరువరు. తమంత సందు చేసుకొని దూరి, గట్లనే ఇడిసిపెడ్తరు. గిది పడకపోతే నేను సంతకం పెట్ట.”

ఇంకో చోటికి పోవాలి కాబట్టి పావుగంట గడువిచ్చాడు. వెల్డరు ఫోనెత్తలేదు. లిఫ్టు ఎవరిదో సోఫాను తొమ్మిదో అంతస్తుకు మోస్తోంది. పవనసుతుణ్ణి తలుచుకుని, రెండు మోకాళ్ళనూ చెరో చేత్తో తోసుకుంటూ, నాలుగంతస్తుల సోపానపర్వతాన్ని అధిరోహించి, రొప్పుతూ వంటింటి గుమ్మాన వాలాడు వీరరాఘవులు.

అక్కడ ఇంకో యుద్ధం నడుస్తోంది. అన్నపూర్ణేశ్వరి రెండో విడత ఆవకాయ ముక్కలకు కారం పట్టించి, తణుకు నుంచి రైల్లో వచ్చిన పప్పునూనె పొయ్యడానికి గిన్నె వంచబోతోంది. నూనె కావాలన్నాడు. పొయ్యి పక్కన సన్‌ఫ్లవర్ ప్యాకెట్టు ఖాళీ అయి నలిగి పడుంది.

“ఇది కొలిచి తెప్పించిన నూనండీ. గరిటెడు తగ్గితే ఊట రాదు, ముక్క బూజు పడద్ది. ఇనపగేటుకా పోత్తారు?”

“అది పడకపోతే రేపు కంచె పీకేత్తారే.”

ఆవిడ చెయ్యి ఆగింది. మంగళవారం పిల్లను చంకన వేసుకొచ్చిన మనిషి ముఖం ఆవిడ కూడా చూసింది. గరిటెడు నూనె చిన్నగిన్నెలోకి వంచింది. ఇంకో గరిటెడు కూడా వంచింది. మీరు ఒలకబోస్తారని, గిన్నె తానే పట్టుకుని, రెండో చేత్తో సహస్రను నడిపించుకుంటూ దిగింది.

గడువులో మూడు నిమిషాలు మిగిలాయి. మొదటి బందుకు నూనె అందగానే నల్లటి మడ్డి కారింది. రెండోది కిర్రుమని తిట్టింది. మూడోదాన్ని దూదివత్తితో లోతుగా పొడిచి, ఆఖరి చుక్కదాకా తాగించారు. వీరరాఘవులు గేటును జానెడు లాగి, ఇష్టదేవతలనూ వారి ఆంతరంగిక కార్యదర్శులనూ స్మరించి, చేతులు వదిలాడు. గేటు కదిలింది. ఏడంగుళాలు వచ్చింది. రెండు వేళ్ళ దూరంలో ఒక్క లిప్త ఆలోచించింది. ఆ పైన, కొత్తపెళ్ళికూతురు గడప దాటినంత నెమ్మదిగా, ఆ దూరం కూడా దాటి టక్కుమంది.

సంబరానికి వ్యవధి లేదు. ఐదేళ్ళలోపు పిల్ల తెరవలేదని తేలితేగాని ఫారం పూర్తికాదన్నాడు ఉమాశంకర్. అందరి కళ్ళూ సహస్ర మీద పడ్డాయి. వారం రోజులుగా ఈ కొలను కోసమే కలవరిస్తున్న ఆ చిరువీరాంగన తన బొమ్మను అమ్మమ్మకు అప్పగించి, గౌను పైకి దోపుకుని, రంగంలో దిగింది. తోసింది. లాగింది. మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాచింది, గడియ రెండు వేళ్ళు పైనుంది. కడ్డీల మీద కాలు పెట్టబోయింది, అడ్డకడ్డీ ఒక్కటీ దొరకలేదు. తల దూర్చబోయింది, కొబ్బరికాయకు పట్టిన గతే పట్టింది. ఎగిరింది, తన్నింది, గేటుకు హిందీలో వార్నింగిచ్చింది. ఆఖరికి వేడినేల మీద చతికిలబడి, నాలుగు సౌధాలూ మారుమోగేలా భోరుమంది.

వీరరాఘవులు నిలబడి ఆ ఏడుపు విన్నాడు. అంత హాయైన ఏడుపు అతను జన్మలో వినలేదు. కళ్ళజోడు మసకబారితే తీసి తుడుచుకున్నాడు. ఉమాశంకర్ సంతకం పెట్టి, సీలు వేసి, ఫారాన్ని ఆంటీగారికి ఒకసారి చూపి, అతని చేతికిచ్చాడు.

సహస్ర ముక్కు ఎగబీలుస్తూ లేచి వచ్చి, తాతగారి పంట్లాము పట్టుకుని గుంజింది.

“తాతయ్యా, ఆప్ గందే హో. బహుత్ గందే.”

ఇవ్విధంబున, నవభాండోత్పాటనదక్షుండును, నారికేళాయుధుండును, తైలదానపరాయణా ప్రాణవల్లభుండును నగు వీరరాఘవులు, మూడడుగుల రెండంగుళముల మహావీరురాలిని నాలుగడుగుల రెండంగుళముల కంచె యొద్ద నిలువరించి, ‘బహుత్ గందే’, అనగా మిక్కిలి చెడ్డవాడు, అను బిరుదంబును సర్వజనసమక్షమున బడసె. ఆ బిరుదును అతను, మధ్యాహ్నం కొత్తావకాయతో ప్రతిజ్ఞ తీర్చుకుని, ఆ సాయంత్రం లిఫ్టులో కలిసిన ప్రతివారికీ, అడిగినా అడగకపోయినా, చెప్పుకున్నాడు.