తలకొక చింతగింజ

సోమవారం పొద్దున పంకజాక్షి వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికి లైబ్రరీ తెరవడం, కుండలో నీళ్లు నింపడం, ఆపైన నోరు మూసుకుని కూర్చోవడం. మూడోదే ఆమెకు కష్టం. తిరుపతి బస్టాండు వెనక సందులో ఉన్న ఆ శాఖా గ్రంథాలయంలో ఆమె తొమ్మిదేళ్లుగా లైబ్రేరియను. జనం కిటకిటలాడుతున్నారని నెలనెలా రాసి పంపితే పైఆఫీసువాళ్లు నవ్వుకునేవారు. ఇప్పుడు నవ్వడం మాని, వాకిట్లో ఇనుప తిరుగుడు గేటు బిగించారు. మనిషి తోసుకుని లోపలికి పోతే మీటరులో అంకె ఒకటి పెరుగుతుంది. బయటికి రావడం వెనక తలుపు నుంచే.

యంత్రాన్ని నమ్మాలంటే ముందు దానికి పరీక్ష పెట్టాలి కదా. అందుకూ నిబంధనలున్నాయి. పాఠకులను ఎవరూ పిలుచుకు రాకూడదు. మధ్యాహ్నం దాకా ఒక అధికారి గేటు పక్కనే ఉండి విడిగా లెక్కపెట్టాలి. రెండు లెక్కలకూ ఒక్కటి కూడా తేడా రాకూడదు. లెక్క కుదరకపోయినా, కుదిరిన అంకె చిన్నదైనా శాఖను ఏర్పేడుకు ఎత్తేస్తారు. ఆ గదంటే పంకజాక్షికి ప్రాణం. పేపరు కోసం వచ్చే పెన్షనర్లు, సీరియళ్ల కోసం వచ్చే ఆడవాళ్లు ఏర్పేడు దాకా ఎక్కడ వస్తారని ఆమె దిగులు.

పరీక్షాధికారి బాలసుబ్రమణ్యం చిత్తూరు నుంచి తొలి బస్సుకే దిగాడు. మీటరును సున్నాకు తిప్పాడు. గేటు తోసుకుని లోపలికి పోయి చెంబెడు నీళ్లు తాగి, వెనకనుంచి చుట్టి వచ్చి గేటు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఒళ్లో గుడ్డసంచి, అందులో ఎంచి కట్టిన వెయ్యి చింతగింజలు. కాళ్ల దగ్గర ఖాళీ డబ్బా. మనిషి లోపలికి పోయినప్పుడల్లా సంచిలోంచి ఒక గింజ డబ్బాలో పడాలి.

"నోటిలెక్కను నమ్మేదానికి లేదమ్మా. గింజ అబద్ధం చెప్పదు" అన్నాడు.

రోజూ వచ్చే పాఠకులు వేళకే వచ్చి గేటు ముందు ఆగిపోయారు. గేటు పెట్టారంటే టిక్కెట్టు పెట్టినట్టేనని వాళ్ల అనుమానం. అందరికంటే ముందు రిటైరైన అయ్యవారు దొరస్వామి. ఆయన కదలడు, వెనకవాళ్లు కదలరు, లైను మాత్రం పెరుగుతోంది. పంకజాక్షి కిటికీలోంచి తొంగిచూసింది. రమ్మందామంటే నిబంధన అడ్డం. ఆమె అవస్థ చూడలేక అటెండరు వరదయ్య మెట్లెక్కి గొంతెత్తాడు.

"టిక్కెట్టు గిక్కెట్టు ఏం లేదప్పా. ఊరికేనే పోవచ్చు."

కొండ బస్సుకు కాచుకున్న యాత్రికులు ఆ కేక విన్నారు. లైనుంది, ఇనుప గేటుంది, పైగా ఊరికేనట. తిరుపతిలో అంతకంటే రుజువు ఎవరికి కావాలి? మూటాముల్లెలతో వచ్చి నిలబడ్డారు.

"ఏం లైనప్పా ఇది?"

"ధర్మదర్శనానికి చీటీలంట."

"ఈడ ఇస్తా ఉండారా?"

"ఇయ్యకుంటే ఇంతమంది యాల నిలబడతారు?"

లైను సందు దాటి బస్టాండులోకి పాకింది. దొరస్వామి, ఆయన వెనక పాఠకులు లోపలికి పోయారు. తర్వాత వంతు పలమనేరు పక్కనుంచి వచ్చిన దేవకమ్మ అనే ముసలావిడది. ముందు మనిషికి డబ్బాలో గింజ పడటం ఆమె చూసింది.

"నా గింజ యాడ నాయనా?"

"అది లెక్క కోసం అవ్వా."

"నా లెక్కే అడగతా ఉండా. నాది నాకియ్యి."

వెనకనుంచి తోపులాట. బాలసుబ్రమణ్యం గత్యంతరం లేక ఒక గింజ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని గేటు తోసింది. ఇక చూడాలి, చాపని చెయ్యి లేదు. ఒకడు రెండో గింజకు ఎగబడితే లైనంతా వాడిమీద విరుచుకుపడింది. గింజ చేత పడందే ఒక్కరూ గేటు ముట్టలేదు, పడ్డాక ఒక్కరూ ఆగలేదు.

లోపల బల్లలన్నీ నిండిపోయాయి.

"సామి యాడ?" అని దేవకమ్మ అడిగింది.

"కొండమీదనే అవ్వా. ఇది పుస్తకాలు చదివే చోటు" అన్నాడు వరదయ్య.

"సరేలే, ఫ్యానుండాది" అని ఆమె బాసింపట్టు వేసుకుంది. దొరస్వామి అయ్యవారు ఆమెకు పేపరు పైకి చదివి వినిపించాడు. చుట్టూ చేరినవాళ్లు వానల కబురు రెండోసారి చదివించుకున్నారు.

మధ్యాహ్నం గేటుకు తాళం పడేసరికి బాలసుబ్రమణ్యం చొక్కాకు గుండీలు లేవు. డబ్బా అడుగున కాసిని గింజలు.

"నాశనమైపోయె. నా లెక్కంతా జనాల కొంగుల్లో కొండెక్కిపోయె. పరీక్ష చెల్లదని రాసేస్తా" అన్నాడు.

పంకజాక్షికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సంచి అందుకుంది.

"దీంట్లో మిగిలినవి ఎంచితే పోయినవెన్నో తేలతాది కదా సార్" అని గింజలు బల్లమీద కుమ్మరించింది.

ఒకసారి ఎంచారు, రెండోసారి ఎంచారు. వెయ్యిలో మిగిలినవి తీసేస్తే మీటరు అంకెకు ఒక్కటి తక్కువ వచ్చింది.

బాలసుబ్రమణ్యం తల అడ్డంగా ఊపాడు. "ఒక్కటైనా తేడా తేడానేనమ్మా."

పంకజాక్షి ఇక నోరు మూసుకోలేకపోయింది. "పొద్దున నీళ్లు తాగేదానికి మీరే గేటు తోసుకుని పోతిరి కదా సార్. మీకు మీరు గింజ ఏసుకోలేదు."

ఆయన బల్లమీది నుంచి ఒక గింజ తీసి మర్యాదగా డబ్బాలో వేశాడు.

"వీళ్లను మీరు పిలిపించినారా?"

"ఒక్కరినీ పిలవలేదు సార్."

"ఎందుకొచ్చినారో అడగమని నిబంధనల్లో యాడా లేదు" అంటూ ఆయన కలం తీశాడు. ఇంత కచ్చితమైన గేటు జిల్లాలోనే లేదని, ఈ ఊరి జనానికి చదువు మీద ఉన్న మోజుకు శాఖను కదిలించడం అన్యాయమని, అదనంగా ఇంకో గది కట్టించాలని రాశాడు. పంకజాక్షి బీరువా చాటుకు పోయి కడుపుబ్బ నవ్వుకుని, కళ్లు తుడుచుకుని, అందరికీ కాఫీలు తెప్పించింది.

ఆ రోజు లైబ్రరీ నుంచి పుస్తకం ఇంటికి తీసుకుపోయినవాడు బాలసుబ్రమణ్యం ఒక్కడే. అది ఇంతవరకు తిరిగి రాలేదు.